తాటిమొద్దు చప్పుడు

ఓబులేసు తాటిమొద్దును తిరగేసి, కోసిన చివరలకు పేడ మెత్తాడు. అలా మెత్తకపోతే తడంతా చివరల నుంచే గబగబా ఆరిపోయి మొద్దు నెర్రెలు బారుతుంది. కాయలు కాయని పోతుతాటి చెట్టు నరికించి, ముక్కలు కోసి, నిలువునా చీల్చి, లోపలి మెత్తటి బెండు తోడేసి, కుంటలో నానబెట్టి, ఈ రేకుల షెడ్డు నీడలో ఆరబెట్టడం. పెనుకొండ శివార్లలో ఆయన బతుకంతా ఇంతే. గొప్పగా చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

మొద్దు చెక్కడానికి పనికొస్తుందా లేదా అన్నది చెవి చెప్పాలి. కొడవలి పిడితో తడితే పచ్చిది దబ్బుమంటుంది, ఎండింది ఖంగుమంటుంది. ఆ చెవి ఆయనకు ఎప్పుడో పోయింది. ఎవరికీ చెప్పలేదు. టీ అంగడి దగ్గర నలుగురూ చెవిటోడా అని పిలుస్తారన్న తలపుకే సిగ్గుతో చచ్చిపోయేవాడు. తట్టి, కాసేపు తల వంచి, అందాజుగా తల ఊపేవాడు.

ఆ అందాజే కొంప ముంచింది. బొమ్మలు చెక్కే విమల ధర్మవరం పట్టుచీరల అంగడికని చెక్కిన నెమలి మొన్న నిలువునా పగిలింది.

"నా చెయ్యే సరిగా లేదు చిన్నాయనా. ఉలి లోతుగా దిగినట్టుండాది," అందామె.

తప్పు తనదని ఓబులేసుకు తెలుసు. తల వంచుకుని మొద్దుకు పేడ మెత్తుతూ ఉండిపోయాడు.

ఇవాళ అదే నెమలికి మళ్ళీ మొద్దు కావాలి. విమల ఎప్పటిలాగే ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇది ఎండిండాదా?"

తట్టాడు. ఏమీ వినపడలేదు. ఇప్పుడైనా చెప్పేద్దామనుకున్నాడు.

"బాగా ఎండిండాది పాపా. తీసుకుపో," అన్నాడు.

ఆమె ఎత్తుకుపోయాక ప్రాణం ఉండబట్టలేదు. నిజం చెప్పేయాలని వెనకాలే వెళ్ళి, ఆమె పనిచేసే పాక గుమ్మంలో ఆగిపోయాడు. విమల ఆ మొద్దును వేళ్ళతో తట్టి, చెవి ఆనించి వింది. తల అడ్డంగా ఊపి, దాన్ని ఓ మూలన పెట్టి ఇంకోటి తీసుకుంది. ఆ మూలన ఉన్నవన్నీ, ఎండాయని ఆయన ఇచ్చినవే.

ఆమె తిరిగి చూసింది. దగ్గరకొచ్చి, ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ అంది.

"ఏం కాదులే చిన్నాయనా. మొన్న ఆ నెమలి మొద్దొక్కటే తొందరలో తట్టి చూడలేదు. నేను చూసుకుంటాండా కదా."

అలా ఎదురుగా నిలబడటం ఇన్నాళ్ళూ మర్యాద అనుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్టినా ఓర్చుకునేవాడు.

"గోరంట్లకు పోతా పాపా. మా అక్కను చూడాల," అన్నాడు.

రేపొస్తావు కదా అని ఆమె అడిగిందో ఏమో, ఆయన అప్పటికే మొహం తిప్పేసుకున్నాడు. మళ్ళీ ఆమెకు ఎదురుపడటానికి ముఖం చెల్లదు.

పోబోతూ మూలకు చూశాడు. కప్పు సందులోంచి ఎండ సరిగ్గా ఆ పచ్చి మొద్దు మీదే పడుతోంది. తలగుడ్డ విప్పి, నీళ్ళకుండలో తడిపి, దాని కోసిన చివర మీద కప్పాడు. ఉత్త తలతో బస్సుకు నడిచాడు.

మరునాడు మొద్దులు తిప్పడానికి ఓబులేసు రాలేదు. ఆ తరవాతా రాలేదు. అంచుల్లో చెమట ఉప్పు తేలిన తలగుడ్డను విమల రోజూ తడిపి మళ్ళీ ఆ మొద్దు మీదే కప్పుతోంది.