మసిరాణి చిన్నప్పటి గొంతు

ఆబిడ్స్‌లో మ్యాట్నీ చూసి బయటికొచ్చాక బెత్సీకి ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

ఇరవై రెండేళ్ల కిందట టీవీలో వచ్చిన ఒక సూపర్‌హీరో కార్టూన్‌కు నాంపల్లిలోని చిన్న స్టూడియోలో తెలుగు డబ్బింగ్ చేశారు. అందులో ఊరంతా పొగతో కమ్మేసే విలన్ పేరు మసిరాణి. ఆమె చిన్నతనం ఒక్క ఎపిసోడ్‌లో వస్తుంది. తండ్రి ఆమెను రైల్వే ప్లాట్‌ఫాం మీద కూర్చోబెట్టి, నీళ్లు తెస్తానని వెళ్లి, తిరిగి రాడు. ఎందుకు రాలేదో కథ చెప్పదు. పొద్దుగూకేదాకా "నాన్నా" అని పిలిచిన ఆ పిల్ల గొంతు బెత్సీదే. అప్పట్లో ఆమె బడిలో పాఠాలు చెబుతూ సెలవు రోజుల్లో డబ్బింగ్‌కు వెళ్లేది.

ఇప్పుడా కథనే పెద్ద సినిమాగా తీశారు. ప్లాట్‌ఫాం ఉంది, రైలూ ఉంది. కానీ ఈసారి తండ్రిని హీరో తాత మనుషులు చంపేస్తారు. పిల్ల ఎవరినీ పిలవదు, పిడికిలి బిగిస్తుంది. హాల్లో ఈలలు వేశారు.

బెత్సీ నడుచుకుంటూ నాంపల్లి వెళ్లింది. ఆనాడు తన గొంతు రికార్డు చేసిన మహీధర్, స్టూడియో మూతపడ్డాక, స్టేషన్ దగ్గర చెవిమిషన్ల దుకాణం పెట్టుకున్నాడు.

"అక్కా! ఎన్నేండ్లకొచ్చినవ్! కూసో."

ఆమె సినిమా సంగతి చెప్పింది. "నాయిన కావాలని పోలేదంట మహీ. సంపిన్రంట."

"గిప్పటోళ్లకు కారణం కావాలక్కా. ఊకెనే ఇడ్శిపెట్టి పోయిండంటే ఎవరు నమ్ముతరు?"

పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, బెత్సీ భర్త హెన్రీ కాచిగూడలో స్నేహితుణ్ణి కలిసొస్తానని వెళ్లాడు. అంతకుముందు గొడవేమీ లేదు. మూడు నెలలకు పూణే నుంచి, బాగానే ఉన్నాను, వెతకొద్దని ఒక్క మెసేజ్ పెట్టాడు. అంతే.

"ఆ పిల్లను చూసి కుళ్లుకున్న మహీ," అన్నది బెత్సీ. "దానికి కారణం దొరికింది."

మహీధర్ చేతిలోని మిషన్ పక్కన పెట్టాడు. "హెన్రన్న ఫోన్ గిట్ల చేసిండా?"

"లేదు."

అతను టిఫిన్ డబ్బా తెరిచి, మిగిలిన టమాటా అన్నంలో సగం మూతలో పెట్టి ఆమె ముందుకు జరిపాడు. ఇద్దరూ అద్దాల బల్లకు అటూ ఇటూ కూర్చుని తిన్నారు. ఇంతలో ఒక ముసలాయన చెవి పట్టుకుని లోపలికి వచ్చేసరికి బెత్సీ లేచింది.

"మళ్ల రా అక్కా. గిన్నేండ్లకు కాదు, జర జల్ది."

"ఔ, వస్త."

ఇంకా ఏడు కాలేదు. రెండు బస్సులు వదిలేసి, ఏ పనీ లేకపోయినా సుల్తాన్ బజార్ రద్దీలోకి నడిచింది.

"ఏం కావాలె మేడం?" ఒక బట్టల దుకాణం మనిషి అడిగాడు.

ఏమీ తోచక ఒక ఆకుపచ్చ తువ్వాలు చూపించింది. అతను దాన్ని విప్పి పరిచి, ఎన్ని ఉతుకులకైనా రంగు దిగదని చెప్పసాగాడు. మధ్యలో వదిలి వెళ్లిపోకుండా, అతని మాట పూర్తయ్యేదాకా బెత్సీ నిలబడి వింది.