డౌనూరులో ఎక్కిన బాకాలు

ధర్మతేజ చదివింది ఇంజనీరింగు, చేసేది సంగీతం, తినేది తల్లి పుష్పవతి వండి పెట్టింది. ఇరవై ఆరేళ్ళ వాడు. రెండేళ్ళుగా గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, నూట ఇరవై మంది వాయిద్యగాళ్ళని వేలికొనతో ఆడిస్తున్నాడు. కంప్యూటర్లో కాపురముండే ఆ నూట ఇరవై మందికీ ఆకలి లేదు, దగ్గు రాదు, ఊపిరి కూడా అక్కర్లేదు. ఇంతమందిని ఇంత సుఖంగా ఏలేవాడికి కాస్త తల తిరగడం సహజం. మనవాడికి బాగానే తిరిగింది. ఏం చేస్తున్నావు బాబూ అని ఎవరైనా అడిగితే చాలు, "ఆర్కెస్ట్రేషన్ నేర్చుకుంటున్నానండి. అంటే ఒక పాటలో ఏ వాయిద్యం ఎప్పుడు, ఎంత వాయించాలో పంచిపెట్టే విద్య" అని నిలబెట్టి చెప్పేవాడు. అడిగినవాళ్ళు మళ్ళీ ఆ వీధిలోకి వచ్చేవారు కాదు.

తండ్రి చినబాబు నర్సీపట్నం నుంచి చింతపల్లికి ముప్ఫై నాలుగేళ్ళుగా సర్వీసు జీపు తోలుతున్నాడు. తొమ్మిది మంది పట్టే జీపులో పద్దెనిమిది మందిని, రెండు ఉల్లిపాయల బస్తాలని, కాళ్ళు కట్టిన నాలుగు కోళ్ళని సర్ది, ఎవరి మోకాలూ ఎవరికీ గుచ్చుకోకుండా కొండదారి ఘాటీ ఎక్కిస్తాడని స్టాండులో పేరు. ఈమధ్య ఆయన చూపు మందగించింది. మలుపు దగ్గర ఎదురొచ్చే లారీ ఒకటో రెండో తేలడం లేదు. ఇక చాలన్నాడు. యూనియన్ వాళ్ళు ఒక ఆదివారం చూసి దండలు వేసి, సింగన్న బ్యాండు మేళంతో స్టాండు నుంచి పెదబొడ్డేపల్లిలో ఇంటిదాకా ఊరేగిస్తామన్నారు. అది అప్పటికి పదిహేను రోజులుంది.

"నాన్నా, ఆరోజు బ్యాండుకి పాట నేను రాస్తాను," అన్నాడు ధర్మతేజ, మధ్యాహ్నం భోజనాల దగ్గర.

"సినిమా పాటలుండగా నీదెందుకురా?"

"నా పాట ఇంతవరకూ మనుషులెవరూ వాయించలేదు నాన్నా. కంప్యూటరే వాయించింది. ఒక్కసారి వినాలనుంది."

చినబాబు ముద్ద ఆపి కొడుకు వంక చూశాడు. "అయితే ఒక మాట. నీ పాట నానింటాను. బాగుందనుకో, జీపమ్మేత్తాను, నీ పని నువ్వు సేసుకో. బాగునేదనుకో, సోమారం నుంచి స్టీరింగు నీది. ఇంక మాటాడకూడదు."

జీపు నడపడం ధర్మతేజకి వచ్చు. ఒకసారి పట్టుకుంటే వదలడం ఉండదనే భయం. ముప్ఫై నాలుగేళ్ళు వదలనివాడు ఎదురుగా కూర్చుని చారు జుర్రుకుంటున్నాడు. అయినా సరేనన్నాడు.

సింగన్న క్లారినెట్ వాయిస్తాడు, బ్యాండుకి మాస్టరు. ఆయనతో కలిపి తొమ్మిది మంది. రెండు క్లారినెట్లు, మూడు బాకాలు, ఒక శాక్సఫోను, ఇద్దరు మనుషులంత బరువున్న ఒక పెద్ద బాకా, రెండు డ్రమ్ములు. నూట ఇరవై మందిని తొమ్మిదికి కుదించేసరికి ధర్మతేజకి ప్రాణం పోయినంత పనైంది. అయినా రాసి, అచ్చు తీసి, తలా రెండు కాయితాలు పంచాడు. సింగన్న వాటిని ఎంతో మర్యాదగా అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళకద్దుకున్నాడు. సాయంత్రానికి వాటిలో మిరపకాయ బజ్జీలున్నాయి.

"మాకు కాయితం తెల్దు బాబూ. మీరు నోటితో సెప్పండి, మేం సెవితో అందుకుంటాం," అన్నాడు సింగన్న.

దాంతో ధర్మతేజ వారం రోజులు రేకుల షెడ్డులో నిలబడి తొమ్మిది మంది పాత్రలూ తనే పాడాడు. పెద్ద బాకా పాత్ర పాడే నాటికి గొంతు పూర్తిగా పోయి, అచ్చం పెద్ద బాకాలాగే వినపడింది. వాళ్ళు మాత్రం చెప్పింది చెప్పినట్టు పట్టేశారు. మూడోరోజున శాక్సఫోను వాయించే రాజుబాబు చెయ్యెత్తాడు. ఆయనకి మాకవరపాలెం దగ్గర జీడితోట ఉంది. మేళం లేనప్పుడు రైతు.

"బాబూ, ఇందులో ఊపిరెక్కడ తీసుకోవాల?"

ధర్మతేజ లాప్‌టాప్‌లో వెతికాడు. ఎక్కడా కనపడలేదు. "పాటయ్యాక తీసుకోండి," అన్నాడు.

"మొదట్నుంచీ ఆఖరుదాకా అందరూ వాయించాలా?" అని సింగన్న నెమ్మదిగా అడిగాడు.

"అందరూ. ఎవర్నీ ఖాళీగా ఉంచను. ఒక్క స్వరం కూడా మార్చొద్దు."

"అలాగే బాబూ," అన్నాడు సింగన్న. ముప్ఫై ఏళ్ళు పెళ్ళివారితో వేగినవాడికి ఎక్కడ వాదించకూడదో బాగా తెలుసు. రేకుల కింద ఆ మోతలో అసలు పాట ఎవరికీ వినపడలేదు. ధర్మతేజకి ఒక్కడికీ వినపడింది, ఎందుకంటే అది అతని బుర్రలో ముందునుంచీ ఉంది.

ఆదివారం పొద్దున్న పదిగంటలకి ఊరేగింపు బయల్దేరింది. జీపుకి బంతిపూలు, చినబాబుకి మెడలో ఏడు దండలు. రోలుగుంట డ్రైవరు కొండబాబు స్టీరింగు పట్టుకుంటే, చినబాబు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన జీపులో పక్క సీట్లో కూర్చున్నాడు. సింగన్న క్లారినెట్ ఎత్తాడు. తొమ్మిది మందీ ఒక్కసారి మొదలెట్టారు.

రోడ్డు మీద, రేకులు లేకుండా, అది మొదటిసారి ఉన్నదున్నట్టు వినపడింది. బాకాల మీద శాక్సఫోను, శాక్సఫోను మీద పెద్ద బాకా, అన్నిటి కిందా ఎక్కడో క్లారినెట్లు. అంతా కలిసి ఒకే ముద్ద. మంచి కూరలు పది ఒకే గిన్నెలో పోసి కలిపినట్టుంది. టీ కొట్టు దగ్గర ఒక ముసలమ్మ లేచి నిలబడి, "ఎవులు పోయారు నాయనా?" అని అడిగింది. రాజుబాబు మొహం ముందు ఎర్రబడి, తర్వాత వంకాయ రంగుకి తిరిగింది. ధర్మతేజకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. సొంత పాట వింటూ ఇది ఎవరైనా ఆపితే బాగుండునని అతను నిజంగా దేవుణ్ణి వేడుకున్నాడు.

అబీద్ సెంటర్ దగ్గరకి వచ్చేసరికి చినబాబు జీపు తలుపు మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. "ఆపండెహె!"

మేళం ఆగింది. ఏడు దండలతో చినబాబు కిందికి దిగాడు. వెనకాల బస్సు హారన్ కొడుతోంది. ఆయన వినిపించుకోలేదు. లోడు సరిగ్గా లేని బండిని చూసినప్పటి మొహం పెట్టుకుని తొమ్మిది మంది చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"సింగన్నా, నువ్వు వాయించేదేటి? నువ్వొక్కడివే వాయించు."

సింగన్న ధర్మతేజ వంక చూశాడు. ధర్మతేజ తలూపాడు. క్లారినెట్ ఒంటరిగా పలికింది. చిన్న పాట, నాలుగు మలుపులు తిరిగి మళ్ళీ మొదటికి వచ్చే పాట. వెనకాల బస్సు హారన్ కూడా ఎందుకో ఆగింది.

చినబాబు కొడుకు దగ్గరకి వచ్చాడు. "ఇదేట్రా, బాగుంది గదా! ఇంతసేపూ ఎక్కడ దాసేవు?"

"దాయలేదు నాన్నా. అందరూ వాయిస్తుంటే కిందపడిపోయింది."

"మరి అందర్నీ ఒకేపాలి ఎందుకెక్కించేవు?" చినబాబు బాకాల వాళ్ళ వైపు తిరిగాడు. "మీరెక్కడ దిగుతారు?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. "ఆఖరుదాకా ఉండమన్నారండి."

"అందరూ సింతపల్లి దాకా అయితే బండేటి కదుల్తాది? మద్దిలో దిగేవోళ్ళుండాల, మద్దిలో ఎక్కేవోళ్ళుండాల. ఇనుకోండి. సింగన్న, సిన్న డ్రమ్ము ఇక్కడే ఎక్కుతారు. పెద్ద బాకా, నువ్వు బరువోడివి, సెట్టుపల్లిలో ఎక్కి కింద కూకో, అటూ ఇటూ కదలకు. మీ ముగ్గురూ, మిగిలినోళ్ళూ డౌనూరులో ఎక్కండి. అక్కడ్నుంచి ఘాటీ గదా, బలం కావాల. లమ్మసింగిలో శాక్సఫోను తప్ప అందరూ దిగిపోండి... కాదు, శాక్సఫోను కూడా దిగిపోవాల. సింతపల్లికి సింగన్నొక్కడే ఎల్తాడు."

స్టాండు నుంచి చింతపల్లి దాకా వరసగా వచ్చే స్టాపులవి, ఆ దారిలో రోజూ తిరిగే ఊరు అది. తొమ్మిది మందిలో ఒక్కడూ మళ్ళీ అడగలేదు. ధర్మతేజ రెండేళ్ళు చూసిన పాఠాల వీడియోల్లో గెడ్డమున్న ఒక తెల్లాయన చెప్పిందీ ఇదే, కాకపోతే ఆయన డౌనూరు అనలేదు.

సింగన్న మొదలెట్టాడు. చిన్న డ్రమ్ము పక్కనే నడిచింది. పెద్ద బాకా కింద చేరి కూర్చుంది. డౌనూరులో మూడు బాకాలు ఒక్కసారి ఎక్కేసరికి రోడ్డు పక్క జనం అడుగు వెనక్కి వేశారు, ధర్మతేజ ఒళ్ళు ఝల్లుమంది. ఇది తను రాసిన పాటే. రాసింది తనే. ఇప్పుడే మొదటిసారి వింటున్నాడు. లంబసింగిలో అందరూ దిగారు, దిగినవాళ్ళు హాయిగా ఊపిరి తీసుకున్నారు, చివర క్లారినెట్ ఒక్కటే మిగిలింది. రాజుబాబు మాత్రం ఉత్సాహం పట్టలేక ఇంకో రెండు స్వరాలు లాగాడు. ఇల్లు చేరేలోగా ఆ పాట ఆరుసార్లు చింతపల్లి వెళ్ళొచ్చింది.

వాకిట్లో పుష్పవతి హారతిచ్చింది. జనం కాఫీల మీద పడ్డారు. ఈ పాట పెళ్ళిళ్ళకీ వాయిస్తామని, రేపు షెడ్డులో మళ్ళీ ప్రాక్టీసని సింగన్న చెప్పాడు. ధర్మతేజ తండ్రిని పక్కకి పిలిచాడు. ఎంత సంతోషంగా ఉందో అంత బాధగానూ ఉంది.

"నాన్నా, పందెం నేనే ఓడిపోయాను. పాట నాదే, కానీ నిలబెట్టింది నువ్వు. నాకు ఎక్కించడం రాదు. రేపట్నుంచి జీపు నేను నడుపుతాను. మనస్ఫూర్తిగానే అంటున్నాను."

చినబాబు జవాబు చెప్పేలోగా కొండబాబు బానెట్ మీది పూలు తీసేసి వచ్చాడు. "నానెల్లొత్తాను బాబాయ్. బేగి ఎల్తే రేపు మొదటి ట్రిప్పుకి అందుకుంటాను." జీపెక్కి, వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"మన జీపు ఎక్కడికి తీసుకెళ్తున్నాడు?"

"మనదేటి? ఆడిదే. పోయిన నెల్లో ఆడికమ్మేసేను. ఈ ఆదివారం దాకా నాకొగ్గీమని అడిగేను."

"పోయిన నెల్లోనా? మనం పందెం కాసి పదిహేను రోజులేగా అయింది!"

చినబాబు మెడలో దండలు ఒక్కొక్కటే తీయడం మొదలెట్టాడు. "ఆ కంప్యూటరు పెట్టిలో నలభై పాటలు మొదలెట్టేవు. ఒక్కటి ముగించేవా? పందెం కాయకపోతే ఇది మాత్రం ముగించేవోడివేటి?"

ధర్మతేజకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. చినబాబు మాత్రం జీపు వెళ్ళిన వైపే చూస్తున్నాడు. చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి వెళ్ళి, తాళంచెవి తగలక, ఖాళీగా బయటికి వచ్చింది. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక కాసేపు మీసం మీద పెట్టుకున్నాడు.

"రేపు ఎన్నింటికి?" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"మీ ప్రాక్టీసు. ఆ శాక్సఫోనోడు లమ్మసింగిలో దిగమంటే దిగట్నేదు. నానొచ్చి దింపుతాను."