గోడకు తగలాల్సిన రెండో చేయి

బ్రెస్ట్‌స్ట్రోక్ ఈతలో గోడకు రెండు చేతులూ ఒకేసారి తగలాలి. ఒకటి తగిలి రెండోది ఆగిందా, ఈదినదంతా గంగలో కలిసినట్టే. జపాన్‌లో, మా నీగాతా ఊళ్లో ఆరేళ్ల పిల్లకైనా తెలిసిన సంగతి. ఇరవై రెండేళ్లుగా ఈదుతున్న నాకు తెలియదా?

నా ఎడమ చేతికి స్పర్శ పోయి ఎనిమిది నెలలైంది. మెడలో నరం నొక్కుకుపోయిందన్నాడు డాక్టరు. ఒకరోజు ఆఫీసు వంటగదిలో వేడి కెటిల్‌కు చేయి ఆనించి కబుర్లాడుతుంటే పక్కామె కేకేసింది.

"చిగుసా గారూ, చెయ్యి కాలిపోతోందండీ!"

చూస్తే నిజమే, బొబ్బ లేచింది. నాకేమీ అనిపించలేదు. కురోదా మాష్టారికి మాత్రం చెప్పలేదు. ఆరేళ్లప్పటినుంచీ నాకు ఈత నేర్పిన మనిషి, చెబితే కొలను గట్టు కూడా ఎక్కనివ్వరు.

ఒలింపిక్స్‌కు ఎంపిక పోటీల్లో మొదటి ఇద్దరికే చోటు. నేను రెండుసార్లు మూడోదాన్నయ్యాను. ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిది. ఇదీ పోతే ఇక బియ్యపు బిస్కెట్ల కంపెనీలో గుమాస్తా పనే.

పోటీ రోజు పొద్దున మాష్టారు ఉప్పులో ఊరేసిన రేగుపండు పెట్టిన అన్నం ముద్ద నా చేతిలో పెట్టారు.

"తిను. ఆ ముఖమేమిటే, ఆముదం తాగినట్టు?"

"నిద్ర పట్టలేదు మాష్టారూ."

"నిద్రదేముంది, ముసలిదానివయ్యాక పోదువుగాని. ఇవాళ ఈదు."

నవ్వాను. ఆ నవ్వు కూడా ఎవరిదో అనిపించింది.

రెండు వందల మీటర్లు, మూడు మలుపులు. స్పర్శ లేని చేతికి కళ్లే దిక్కు. ప్రతి మలుపులోనూ తల ఎత్తి, ఎడమ చేయి గోడకు తగలడం చూసుకున్నాను. అలా చూసిన ప్రతిసారీ కాస్త వెనకబడ్డాను, మళ్లీ అందుకున్నాను. చివరి బారకు పక్క వరుసలో మినోరి నాతో సమానంగా ఉంది. మా జట్టు పిల్లే, పందొమ్మిదేళ్లది. ఇప్పుడు తల ఎత్తితే అది గెలుస్తుంది. తల దించేసి చేతులు చాచాను.

బోర్డు మీద నాది రెండో స్థానం, మినోరిది మూడు. అది తాడు మీదుగా వచ్చి నన్ను వాటేసుకుంది.

"వెళ్తున్నావక్కా! సాధించావు!" అంటూ ఏడ్చింది.

అప్పుడే నా వరుస వెనక నిలబడ్డ జడ్జి చేయి ఎత్తాడు. కాసేపటికి, రెండు చేతులూ తగల్లేదని, బోర్డు మీద నా పేరు అట్టడుక్కి పోయింది. మినోరి రెండోదైంది.

మాష్టారు పరుగెత్తుకొచ్చారు. చేతిలో అభ్యంతరం రాసే కాగితం.

"వాడికి కళ్లున్నాయా అసలు! ఇంకా టైముంది. తగిలిందని ఒక్క మాట చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను."

ఆయన వెనక మినోరి తువ్వాలు కొరుకుతూ నిలబడింది. నేను నోరు తెరిచాను. తగిలిందేమో. తగల్లేదేమో. అబద్ధమాడాలన్నా ముందు నిజం తెలిసుండాలి కదా!

"తెలియదు మాష్టారూ."

"తెలియకపోవడమేమిటే? నీ చెయ్యే కదా!"

ఎడమ చేయి ఆయన ముందు చాచాను. "గిల్లండి."

గిల్లారు. నా ముఖం చూసి ఇంకా గట్టిగా గిల్లారు. గోరు దిగి రక్తం చుక్క కనిపించింది. నేను అలాగే చూస్తూ ఉన్నాను.

"ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం నుంచి."

"రోజూ నీ పక్కనే ఉన్నాను కదే. నేనేం గుడ్డివాణ్ణా?" కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒలింపిక్స్‌లో చోటు పోయినందుకు కాదు, ఆయన్ను మోసం చేసినందుకు సిగ్గేసింది. ఆ రోజు నాకు అనిపించింది అదొక్కటే.

కొలను విడిచి వెళ్లేముందు చేతులు పక్కలకు వదిలి దానికి వంగి మొక్కడం మా అలవాటు. చివరిసారి కదా, కాస్త ఎక్కువసేపే వంగాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

లేచి చూస్తే మినోరి నా ఎడమ పక్కన ఇంకా వంగే ఉంది. నా ఎడమ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది.

ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు.