ఇత్తడి గుండీల చావులు

రాక్షసరాజు చచ్చిపడి ఉన్నాడు, అదీ నోరు తెరిచి ఒక్క మాటైనా అనకముందే.

వదిన కుట్టుమిషను తొక్కుతూ నెలల తరబడి మనసులో పెంచుకున్న రాక్షసుడు! వాడి కోటలో ఎన్ని ఉచ్చులు పెట్టింది, వాడి నోట ఎన్ని బెదిరింపులు పలికించాలనుకుంది! మరిది పాచిక విసిరాడు, అతని వీరుడు 'కొండడు' గద తిప్పాడు. అంతే.

ఆదివారం దర్జీ కొట్టుకు సెలవు. బట్టలు కత్తిరించే పొడుగాటి బల్ల మీద ఆ పూట ఆట నడుస్తుంది. కథ చెప్పేది వదిన. మరిది, బస్సు డ్రైవరు, నర్సు ముగ్గురూ తలా ఒక పాత్రై అందులో తిరుగుతారు. ఏం చేస్తారో నోటితో చెప్పాలి, అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేల్చాలి. బల్ల మీద పాత్రకో గుండీ; పాత్ర పోతే కొత్త పాత్ర, కొత్త గుండీ. వారమంతా ఊళ్లోవాళ్ల కొలతలకు కుట్టే వదిన తన కొలతకు కుట్టుకున్న లోకం ఇదొక్కటే.

"అక్కా, వచ్చే వారం నుంచి నేను రాను." నర్సు తన ముత్యపు గుండీని పర్సులో వేసుకోబోయింది. "డ్యూటీలో ఎలాగూ నిలబడే ఉంటాను. ఇక్కడ కూడా ఈయన కొడుతుంటే నిలబడి చూడాలా?"

"గెలవడం నా తప్పా వదినా?" మరిది మీసం దువ్వాడు.

"నువ్వు ఊరుకో నాయనా!" వదిన కసిరింది.

నర్సు వెళ్తే ఆడేది ఇద్దరే. ఇద్దరితో ఆట సాగదు. వదిన గభాలున చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మాయ్, ఆగు! కొడుకు చావుకేక విని రాక్షసుడి తల్లి లేచింది!"

నర్సు చెయ్యి ఆగింది.

లేపడమైతే లేపింది కానీ, ఆ తల్లి కూడా ఒక్క దెబ్బకే పోతే? అసలు కొండడికి ఇంత బలం ఎక్కడిది? ఈ బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది: చనిపోయే పాత్ర తన శక్తి ఒకటి తోటివాడికి ధారపోయవచ్చు. కొండడి గురి, వేగం, కవచం అన్నీ అలా వచ్చినవే.

వదినకు మెరుపులా తట్టింది. "మీరు పారిపోవాల్సింది కోట బయటి తాళ్ల వంతెన మీదుగానే. దాని మీద అడుగు పెడితే చచ్చినవాళ్లు లేచొచ్చి, తామిచ్చింది తిరిగి అడుగుతారు!" అంటూ పోయిన పాత్రల గుండీల డబ్బా బల్ల మీద బోర్లించింది.

గలగలా రాలాయి. అన్నీ ఇత్తడివే. అన్నీ డ్రైవరు పాత యూనిఫాం నుంచి ఊడదీసినవే.

వదిన డ్రైవరు వైపు చూసింది. అతను ఫ్యాను వైపు చూశాడు. పాపం, పాచిక కలిసిరాని మనిషని ఇన్నాళ్లూ జాలిపడింది! సరే, అతని సంగతి తర్వాత.

"ముందు విలుకాడు వచ్చాడు. 'నా గురి నాకిచ్చెయ్' అన్నాడు."

"వదినా, ఇది అన్యాయం!"

"అడిగేది నేను కాదు, వాళ్లు."

ఒక్కొక్కరూ వచ్చి తమది తీసుకుని మాయమయ్యారు. కొండడి చేతిలో ఉత్త గద మిగిలింది. వెంటపడి వంతెనెక్కిన రాక్షసి గోరు అతని గొంతు మీద ఆనింది. మరిది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నర్సుగారూ, ఏదో ఒకటి చెయ్యండి!"

"నా దొంగపిల్ల వంతెన కిందే ఉంది," నర్సు కళ్లు మెరిశాయి. "ముందు మీవాడి నడుముకు తాడు బిగిస్తా. తర్వాత వంతెన తాళ్లు కోస్తా!"

పాచిక దొర్లింది, కత్తెరకు కొట్టుకుంది, గిర్రున తిరిగింది. ఇరవై! అంతకు మించిన అంకె దాని మీద లేదు. నలుగురూ ఒక్కసారే అరిచారు. వంతెన తెగింది, రాక్షసి లోయలో పడింది, కొండడు తాడు చివర గుమ్మడికాయలా వేలాడాడు.

"ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు వదినా. భలే ఉంది!" మరిది మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

"వచ్చే వారం ఎన్నింటికక్కా?" నర్సు ముత్యపు గుండీని మళ్లీ బల్ల మీద పెట్టింది.

వదిన ఇత్తడి గుండీలు గుప్పిట్లోకి తీసుకుని డ్రైవరు ముందు చెయ్యి చాపింది. "నిజం చెప్పు. కావాలనే చచ్చావు కదూ?"

డ్రైవరు తల గోక్కున్నాడు.

"అవునక్కా, నేనే. ప్రతిసారీ కావాలనే. స్టీరింగు పట్టుకుంటే వెనకాల బస్సు నిండా ప్రాణాలు. రెప్ప వాల్చాలన్నా భయమే. నేను పోయినా ఎవరికీ ఏమీ కానిది ఇక్కడొక్కచోటే. పైగా నావాడు పోతుంటే నువ్వు చెప్తావు చూడు, వాన ఆగిపోయిందనీ, గుర్రం తల దించుకుందనీ... విలుకాడు పోయినప్పుడు నాకే ఏడుపొచ్చింది. మళ్లీ వినాలనిపించింది. పోతూ పోతూ శక్తి పక్కనున్న నీ మరిదికి పడేశా. వాడు ఇంతవాడవుతాడని నాకేం తెలుసు? ఇకమీదట ఎవరికీ ఏమీ ఇవ్వను, ఒట్టు. కానీ ఇప్పుడాడుతున్న నా సన్యాసి పోయేటప్పుడు మాత్రం, కాస్త తీరిగ్గా చెప్పక్కా."