ఊపిరికి శ్రుతి

ఆషాఢమాసము ప్రవేశించెను. గ్రీష్మతాపమున బీటలువారిన చెఱకుతోటల గట్లమీద తొలకరి చినుకులు పడి లేచిన మట్టివాసన పిఠాపురపు వీథులన్నింట వ్యాపించుచుండగా నైరుతిదిక్కున మదగజయూథమువలె గుమిగూడిన నీలమేఘములు మధ్యాహ్నసూర్యుని కప్పుచు విడుచుచు క్రీడించుచుండెను. వైశాఖజ్యేష్ఠములయందు మంగళవాద్యఘోషముచే దద్దరిల్లిన యా వీథులు ముహూర్తములు లేని శూన్యమాసము వచ్చుటచే ఒక్కమారుగా మౌనము వహించినవి. పెండ్లిపందిళ్లు విప్పినచోట గుంజలు పాతిన గోతులు మాత్రము వాననీటితో నిండి చిన్నచిన్న యద్దములవలె ఆకాశమును చూపుచుండెను.

మంగళవాద్యములచే జీవించువారికి ఆషాఢము విశ్రాంతికాలము. సన్నాయిల కఱ్ఱకు నూనె పట్టించి పాత పట్టుగుడ్డలలో చుట్టి యటుకలమీద దాతురు. డోళ్లకు సడలిన తోళ్లు మార్చి బిగింతురు. ముహూర్తములు తఱచుగా రాత్రివేళల నుండుటచే కోల్పోయిన నిద్రను పగటిపూట తీర్చుకొనుటయు వారికి తరతరముల యలవాటు. అట్టి యొక మధ్యాహ్నమున సన్నాయివిద్వాంసుడు గవరయ్య తన యింటి వసారాలో నులకమంచముపై గాఢనిద్రలో నుండెను. అతని భార్య వరహాలమ్మ మంచపుకోడు నానుకొని కూర్చుండి చేటలో మినుములు పోసికొని రాళ్లేఱుచుండెను. కన్నులు మినుములపై నున్నను ఆమె చెవులు మాత్రము భర్త యూపిరిని విడువలేదు.

గవరయ్య గురక సామాన్యమైనది కాదు. అది మంద్రస్థాయిలో మొదలై మెట్టుమెట్టుగా నెక్కి తారస్థాయి నందుకొని వసారా పైరేకులు సైతము గజగజలాడునట్లు మ్రోగి హఠాత్తుగా నాగిపోవును. పిదప నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దములో నతని యుదరము లేచుచు పడుచు ప్రయత్నించుచుండునే గాని గాలి లోనికి పోదు, వెలికి రాదు. అప్పుడు వరహాలమ్మ చేతిలోని మినపగింజ యచ్చటనే నిలిచిపోవును. ఆమె యెడమచేయి తొడపై తాళము వేయ నారంభించును. డోలు మ్రోగెడి యింట పుట్టిపెరిగిన యామెకు కాలమును కొలుచుటకు వేఱు సాధనము తెలియదు. తాళము ఒక చుట్టు తిరిగి ఒక యావర్తము ముగియును. రెండవది మొదలగును. అది పూర్తి కాకమునుపే యామె లేచి భర్త భుజముపై చేయివైచి మెల్లగా ప్రక్కకు త్రిప్పును. నీట మునిగినవాడు పైకి తేలినట్లు గవరయ్య యొక్కపెట్టున ఊపిరి పీల్చుకొని కన్ను తెరువకయే మరల నిద్రించును. ఆమె మరల మినుములకడకు వచ్చును.

ఈ నిశ్శబ్దము ఆ వంశమునకు క్రొత్తది కాదు. గవరయ్య తండ్రి లచ్చయ్య ఊపిరి బిగబట్టుటలో పేరుపొందిన విద్వాంసుడు. ఇతరులు మూడుచోట్ల ఊపిరి తీయు ఆలాపనను ఆయన ఒక్కచోట తీసి ముగించెడివాడు. నిద్రలో ఆయన గురక యాగి నిశ్శబ్దము వచ్చినపుడు శిష్యులు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకొని గురువుగారు నిద్రయందును సాధన మానలేదని గర్వించెడివారు. లచ్చయ్యకు మేనకోడలై ఆ యింటికి కోడలుగా వచ్చిన వరహాలమ్మయు నటులనే నమ్మెను. కాలక్రమమున భర్త నిద్రలోను ఆ నిశ్శబ్దమే వినవచ్చినపుడు మామయ్య విద్య కుమారునకు సంపూర్ణముగా సంక్రమించినదని ఇరుగుపొరుగులతో చెప్పుకొని మురిసెను. ఒకనాటి పగటినిద్రలో లచ్చయ్యకు అట్టి నిశ్శబ్దమే వచ్చెను. ప్రక్కన కూర్చుండి విసరుచున్న వరహాలమ్మ ఆయన సాధనకు భంగము కలుగునేమో యని విసనకఱ్ఱ చప్పుడు సైతము ఆపెను. లచ్చయ్య మరల ఊపిరి తీయలేదు. నొప్పి యెఱుగక నిద్రలో పోయిన పుణ్యాత్ముడని ఊరివారు కొనియాడిరి.

ఇట్లుండగా గడచిన జ్యేష్ఠమాసమున ఒక పెండ్లిలో జరుగరానిది జరిగెను. పురోహితుడు చేయెత్తి గట్టిమేళమని కేకవైచెను. తాళి కట్టు క్షణమున అపశబ్దమేదియు వధూవరుల చెవిని పడకుండుటకే గదా గట్టిమేళము! వరుడు మంగళసూత్రము చేతబట్టుకొని వంగెను. గవరయ్య బావమరది పోలయ్య డోలుపై కఱ్ఱ యెత్తి బావవంక చూచెను. గవరయ్య సన్నాయిని ఒడిలో నుంచుకొని గడ్డము ఱొమ్మున కానించి నిద్రించుచుండెను. సరిగా నా నిశ్శబ్దములో పెండ్లికొడుకు చిన్నాయన పందిరి యదరునట్లు తుమ్మెను. పోలయ్య తేరుకొని డోలు బాదునప్పటికి వధువు నాయనమ్మ యేడ్పు మొదలిడియుండెను.

"బావా, తుమ్మినవాడు చిన్నాయన, పేరు వచ్చినది నీకు!" అని పోలయ్య ఇంటికి వచ్చుదారిలో పరిహాసమాడెను. గవరయ్య నవ్వలేదు. వ్యానులో నతని తల మరల వ్రాలుట చూచి పోలయ్య పరిహాసము మాని మఱునాడే అక్కతో విషయము చెప్పెను. ఆమె భర్తను కాకినాడకు తోడుకొనిపోయెను.

అచ్చటి డాక్టరు నడివయస్కురాలు. గవరయ్యను ఒక రాత్రి తలకును ఱొమ్మునకును తీగలు తగిలించి నిద్రింపజేసి మఱునాడు దంపతుల నిరువురను ఎదుట కూర్చుండబెట్టుకొని యిట్లనెను. "అమ్మా, ఈయన నిద్రించుట లేదు. రేయెల్ల మునుగుచు తేలుచున్నాడు. నిద్రలో గొంతుదారి సడలి మూసికొనిపోవుచున్నది. దీనిని స్లీప్ ఆప్నియా యందురు. ఈయనకది మిక్కిలి తీవ్రముగా నున్నది. ముఖమునకు మాస్కు తగిలించి గాలి నిచ్చెడి యంత్రమును తెప్పింతును. ఈయన కొలతకు తగిన మాస్కు వచ్చుటకు కొంతకాలము పట్టును. అంతవరకు వెల్లకిల పండుకొనరాదు. వాహనము నడుపరాదు. నిద్రమాత్రలు మ్రింగరాదు."

వరహాలమ్మ ఒక్క ప్రశ్న యడిగెను. "ఇది తండ్రినుండి కొడుకునకు వచ్చునా?"

"రావచ్చును" అని డాక్టరు చెప్పెను.

అప్పుడు వరహాలమ్మ తన గాజులవంక చూచుకొనెను. గవరయ్య పైనున్న ఫ్యానువంక చూచెను. లచ్చయ్య మరణము ఇరువురకును ఒక్కమారే యర్థమైనది. ఇరువురును దానిని ఒకరికొకరు తెలియనీయక బస్సెక్కిరి.

ఇంటికి వచ్చిన నాటనుండి వరహాలమ్మ తన పని తాను చేయసాగెను. పెండ్లి తాంబూలములలో మిగిలిన ఎండువక్కలను ఒక సంచిలో పోసి దానిని భర్త బనియను వీపునకు గట్టిగా కుట్టెను. నిద్రలో వెల్లకిలబడినచో వక్కలు గ్రుచ్చుకొని యతడు తనంతతాను ప్రక్కకు తిరుగుటకై ఆమె పన్నిన యుపాయమిది. కుట్టు వంకరపోయినదని ఒకమారు విప్పి మరల కుట్టెను. "తాంబూలమును నోట నమలువారిని చూచితిని గాని వీపున మోయు విద్వాంసుడను నేనొక్కడనే" అని గవరయ్య గొణిగెను గాని బనియను తొడుగుకొనెను. అయినను స్థూలకాయుడగుటచే పెక్కుమారులు వక్కలను సైతము లక్ష్యపెట్టక వెల్లకిలబడెడివాడు. ప్రక్కకు తిరిగియున్నప్పుడును నిశ్శబ్దము తగ్గునే గాని పూర్తిగా పోదు. కావున నతడు నిద్రించినంతసేపు, రేయి గానిండు పగలు గానిండు, వరహాలమ్మ మేలుకొనియుండెను. నీవేల పండుకొనవని యతడడిగినచో ఆషాఢపు దోమలు నిద్రపోనిచ్చుట లేదనెడిది.

మాస్కు విషయమున మాత్రము గవరయ్య మెత్తబడలేదు. ఒకనాడు పోలయ్య డోలు బిగించుచు "బావా, ఆ మాస్కు తగిలించుకొన్నచో విమానము నడుపువానివలె నుందువు. విడిదిలో పెండ్లివారందఱును వధూవరులను విడిచి నిన్ను చూచుటకే వచ్చెదరు" అనెను.

"వారు రాబోరు, నేను తగిలించుకొనబోను" అని గవరయ్య మండిపడెను. "ఊదుటయే వృత్తియైన వానికి ఒక పెట్టె గాలి నూదవలెనా? లచ్చయ్య కొడుకునకు ఊపిరి చాలదని విడిదివిడిదికి చాటుకొనవలెనా? ఆ పెట్టెను రానిమ్ము. వచ్చిన దారినే పోవును."

"పోనిమ్ము బావా. నేనును నిన్ను విడిచి వేఱొక సన్నాయివానిని వెదకుకొందును" అని పోలయ్య నవ్వబోయి నవ్వలేక డోలు త్రాడు మఱింత బిగించెను. లోపల పొయ్యికడనున్న వరహాలమ్మ ఈ మాటలన్నియు వినెను. పులుసులో ఉప్పు రెండుమారులు వేసెను.

ఆషాఢము సగము గడచినది. ఒకనాటి మధ్యాహ్నమున కుంభవృష్టి కురియుచుండగా గవరయ్య ఉక్కిరిబిక్కిరియై తనంతతాను మేలుకొని ఱొమ్ము పట్టుకొని లేచి కూర్చుండెను. ఎన్నడును లేనిది, ఆనాడు అతనిని ఎవరును ప్రక్కకు త్రిప్పలేదు. శ్వాస కుదుటబడిన పిమ్మట నతడు క్రిందికి చూచెను. వరహాలమ్మ మంచపుపట్టెపై తల యానించి నిద్రించుచుండెను. ఆమె కుడిచేయి అతడు పండుకొన్నచోట భుజమునకై చాపబడినది చాపబడినట్లే యుండెను. ఎడమచేతి వ్రేళ్లు తాళము నడుమ నాగిపోయి రెండు ముడువబడి మూడు తెరువబడి యుండెను. చేట జాఱి మినుములన్నియు వసారా నిండ చెదరియుండెను. కన్నులక్రింద కమ్మిన నలుపు దోమలు చేసినది కాదని యతడు కనుగొనెను.

గవరయ్య కదలక కూర్చుండి భార్య యూపిరిని వినెను. రేకులపై వాన మ్రోగుచున్నను స్వరములో వెండ్రుకవాసి తేడా పట్టుకొను నతని చెవికి ఆ సన్నని చప్పుడు స్పష్టముగానే యుండెను. ఆమె ఊపిరి విడిచిన తరువాత మరల పీల్చుటకు మునుపు సహజముగా నుండెడి క్షణమాత్రపు విరామము వచ్చెను. ఆ విరామములో నతని గుండె జల్లుమనెను. ఆమె పీల్చెను. అతడు బ్రతికెను. మరల విరామము వచ్చెను, మరల నతడు భయపడెను. సర్వజీవులకు నుండెడి ఆ స్వల్పమౌనమే తన్నింత కలవరపెట్టుచుండగా, తనకడ కూర్చుండి ఈమె యెట్టి మౌనములను దాటుచున్నదో యతనికి మొట్టమొదటిమారు తెలిసినది.

అతడు మంచము దిగి వంగలేక వంగి మినుములను గింజగింజగా చేటలోనికి ఎత్తుచుండ వరహాలమ్మ త్రుళ్లిపడి లేచి తొలుత శూన్యమైన మంచమును చూచి కెవ్వుమనెను.

"ఇచ్చటనే యున్నాను" అని గవరయ్య నేలమీదనుండి పలికెను. "దోమలంటివి గదా!"

"దోమలును కలవు" అని యామె కన్నులు తుడుచుకొనెను.

"మా నాయన సంగతి నీకును తెలిసినదా?"

"డాక్టరమ్మ యెదుటనే తెలిసినది. ఆనాడు నేను విసనకఱ్ఱ నాపితిని. ఈసారి ఆపను." ఆమె మినుములను చూచుచు మెల్లగా నిట్లనెను. "ఏమండీ, మా నాయన సన్యాసయ్య బ్రతికినన్నాళ్లు మామయ్య వెనుక కూర్చుండి శ్రుతి పట్టెను. ఒకే స్వరము. రాగమని యొకటి యెన్నడును వాయింపలేదు. మేళము ముగియగానే అందఱును మామయ్య మెడలో దండ వేసెడివారు. మామయ్య యింటికి వచ్చి ఆ దండను మా నాయన మెడలో వేసెడివారు. శ్రుతి యొకరు పట్టుచున్నారని మామయ్య యేనాడైన సిగ్గుపడిరా? ఆ పెట్టె మీ పాట పాడదు. వెనుక నొక్క స్వరము పట్టుకొని కూర్చుండును. అంతియే గదా!"

గవరయ్య చేతిలోని గింజలను చేటలో విడిచెను. "మీ నాయన నా మూతికి పటకా బిగించి శ్రుతి పట్టలేదే" అని గొణిగెను.

"మామయ్యగారి మూతికి ఎవరైన బిగించియున్నచో ఆయన నేటికిని ఈ వసారాలో కూర్చుండి మన యిరువురను తిట్టుచుండెడివారు."

గవరయ్య నవ్వెను. నవ్వుచుండగనే యతని కన్నులు నిండెను. "పోలయ్యతో చెప్పుము, వేఱొక సన్నాయివానిని వెదకవలదని" అనెను.

ఆషాఢము ముగియవచ్చునప్పటికి యంత్రము వచ్చెను. తెచ్చిన యువతి పట్టీలు బిగించు విధము, మీట నొక్కు విధము చూపి వెడలిపోయెను. "క్రొత్త శ్రుతిపెట్టె యింటికి వచ్చినపుడు బొట్టు పెట్టవలదా అక్కా?" యని పోలయ్య హాస్యమాడగా వరహాలమ్మ నిజముగనే పెట్టె మూలను కుంకుమబొట్టు పెట్టెను. గవరయ్య కాళ్లు కడుగుకొని వచ్చి క్రొత్త వాద్యమును గ్రహించు రీతిని దానిని కన్నుల కద్దుకొనెను. మీట నొక్కి చెవియొగ్గి దాని సన్నని గాలిమ్రోత నాలకించెను. అటుకపైనుండి సన్నాయిని దింపి పట్టుగుడ్డ విప్పి ఒక్క స్వరము మెల్లగా నూది సరిచూచి "కొంచెము దిగువగా నున్నది. సర్దుకొందును" అనెను. పోలయ్య నవ్వుచు డోలు భుజాన వైచుకొని వెడలిపోయెను.

దేవుని పటమునకు వేయుటకై వరహాలమ్మ ఉదయము కట్టిన మల్లెదండ పళ్లెములో నుండెను. గవరయ్య దానిని తీసికొనివచ్చి భార్య మెడలో వేసెను. ఇదేమి చోద్యమని యామె సిగ్గుపడి దండ తీయబోగా నతడు వారించెను. "మేళము ముగిసినది గదా. ముందు నీవు పండుకొనుము. నీవు నిద్రించిన పిదప నేను దీనిని తగిలించుకొందును. అంతవరకు శ్రుతి నాది."

ఆమె చాపపై ఒరిగెను. తలగడపై తల యానినదో లేదో, మాస్కును ఒడిలో నుంచుకొని కూర్చున్న భర్త చూచుచుండగనే, నిద్ర యామెను లోగొనెను. తన యూపిరి తనదేయని మనుజుడు తలచును గాని దానిని చెవియొగ్గి వినువారొకరుండుటచేతనే యది నిలుచును. వెలుపల శ్రావణమునకు దారి యిచ్చుచు వాన సన్నగిల్లుచుండెను. పెట్టె తన ఒకే స్వరమును పట్టుకొని యుండెను. తొడపైనున్న వరహాలమ్మ యెడమచేతి వ్రేళ్లు ఇన్నాళ్లు మోసిన తాళమును ఒక్కటొక్కటిగా విడిచి అరచేయి పూర్తిగా విచ్చుకొనువఱకును గవరయ్య చూచుచుండి పిమ్మట మాస్కు నెత్తుకొనెను.