రెండు పేర్ల మాత్ర

ఇంట్లో ఒకరు ఫార్మసీ చదువుతున్నారంటే వంశం మొత్తానికీ వైద్యుడు దొరికినట్లేనని మనవాళ్ల నమ్మకం. ఈ కథలోని అమ్మాయి ఇంకా మూడో సంవత్సరంలోనే ఉంది. చుట్టాలు మాత్రం ఆమె కాలేజీలో చేరిన రోజే ‘డాక్టరమ్మ’ను చేసి కూర్చోబెట్టారు.

ఆ రోజు ఉదయం ఆరింటికి ఆమె పళ్లు తోముకుంటూ ల్యాబ్ రికార్డు తిరగేస్తుండగా ఫోను మోగింది. పెద్దమ్మ.

“డాక్టరమ్మా, మీ పెదనాన్నకు మోకాలు లాగేస్తోందట. ఇంట్లో ఎర్ర మాత్ర ఒకటుంది, వెయ్యనా?”

“పేరేంటి పెద్దమ్మా?”

“పేరున్న ముక్క షాపువాడే కత్తిరించేసుకున్నాడు. గుండ్రంగా ఉంది. ఇంత చదువుతున్నావు, రంగు చెప్తే తెలీదూ?”

తెలియదనీ, వెయ్యొద్దనీ చెప్పింది. ఈమాత్రం దానికి చదువెందుకని గొణుగుతూ పెద్దమ్మ ఫోను పెట్టేసింది.

బస్సులో పక్కింటావిడ మొటిమలకు క్రీము అడిగింది. పిన్ని కొడుకు పరీక్షలకు నిద్ర రాకుండా ఏదైనా బిళ్ల చెప్పమన్నాడు. ల్యాబ్‌లో ఆయింట్‌మెంట్ ఉండలు కట్టింది. లెక్చరర్ దాన్ని వేలితో రాసి చూసి, “మళ్లీ చెయ్యి” అన్నాడు. రికార్డు మీద సంతకం రేపటికి వాయిదా పడింది. రెండింటికల్లా ఆస్పత్రి మందుల కౌంటరులో ట్రైనింగుకు ఉండాలి. భోజనం ఊసే లేదు.

రికార్డు చంకలో పెట్టుకుని బస్సు కోసం పరుగెడుతున్న సమయంలో మేనత్త నుంచి ఫొటో వచ్చింది. అమ్మ ఉద్యోగానికి వెళ్తే ఈ పిల్లను చంకనేసుకుని పెంచింది ఆ అత్తే. ఆమెకు పదేళ్లుగా షుగర్ ఉంది. ఫొటోలో రెండు మాత్రల అట్టలున్నాయి. కింద ఇలా ఉంది: “బంగారం, ఇవి పాతవి, ఇవి కొత్త డాక్టరు రాసినవి. రెండూ వేసుకోవాలా? తీరికున్నప్పుడే చెప్పు.”

పొద్దుటి నుంచి అది తొమ్మిదో ప్రశ్న. మందు పేరు కనిపించేలా చూపించి అడిగిన మనిషి ఆ తొమ్మిది మందిలో అత్త ఒక్కతే. ఆ సంగతి ఆలోచించే ఓపిక అమ్మాయికి లేదు. ఫొటోను పెద్దది చేసి చూడలేదు. “డాక్టర్లు రాసినవన్నీ వేసుకో అత్తా” అని పంపి, ఫోను సంచిలో పడేసి బస్సెక్కింది.

కౌంటరు దగ్గర వరుస గేటు దాకా ఉంది. అక్కడ పాతికేళ్లుగా పనిచేస్తున్న ఫార్మసిస్టును అందరూ పెద్దాయన అంటారు. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: “చెప్పి ఇవ్వమ్మా, చెప్పి ఇవ్వు.” చెప్పి ఇస్తే ఈ వరుస ఎప్పటికి తరుగుతుంది? వీళ్లకు ఎంత చెప్పినా బూడిదలో పోసిన పన్నీరే అనుకుంటూ ఆమె పొట్లాలు ముందుకు తోస్తూ పోయింది.

నాలుగున్నరకు నాన్న ఫోను చేశాడు. “అత్త వంటింట్లో పడిపోయిందమ్మా. ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది. మీ ఆస్పత్రికే తెస్తున్నాం. నువ్వు చెప్పావని మధ్యాహ్నం రెండు మాత్రలూ వేసుకుందట.”

అప్పుడు తెరిచి చూసింది ఫొటో. రెండు కంపెనీలు, రెండు పేర్లు. వాటి కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు మాత్రం ఒక్కటే. పోయిన నెల పరీక్షలో ఆమె స్వయంగా జవాబు రాసింది ఆ మందు గురించే. రెండింతలు పడితే షుగర్ ఎంత కిందికి పోతుందో కూడా రాసింది, మార్కులు కూడా వచ్చాయి.

నరంలోకి గ్లూకోజు ఎక్కించాక గంటకు అత్త తెప్పరిల్లింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ప్రాణానికే ముప్పు వచ్చేదని డాక్టరు చెప్పాడు. అత్త కళ్లు తెరిచి మొదట అన్న మాట ఇది: “దాన్ని ఎవరూ ఏమీ అనకండి. తీరిక లేని పిల్లను నేనే విసిగించాను.”

తిట్టి ఉంటే భరించేది. ఆ మాట భరించలేక అమ్మాయి కౌంటరు వెనక్కి వచ్చి ఏడ్చింది. “నేను అసలు చూడనే లేదు సార్” అని పెద్దాయనకు జరిగిందంతా చెప్పింది.

ఆయన చేతిలోని చీటీ పక్కన పెట్టాడు. తర్వాత అడిగాడు. “ఆ మాత్రలు ఇచ్చిన చోట అడక్కుండా, ఆవిడ నిన్నెందుకు అడిగిందమ్మా?”

“అక్కడ... విసుక్కుంటారని సార్.”

“అదీ సంగతి. చదువు పూర్తికాని పిల్లను అడగడం మీవాళ్ల తప్పు. చూడకుండా చెప్పడం నీ తప్పు. కానీ అడగాలంటేనే భయపడేలా జనాన్ని తయారు చేసింది మనం. నేనూ చేశాను, వరుస చూసి. మందు చేతిలో పెడితే సగం పనే అయినట్టు. మిగతా సగం మాట.”

మర్నాడు ఉదయం అత్తను ఇక ఇంటికి వెళ్లొచ్చన్నారు. చీటీ పట్టుకుని ఆమె మందుల వరుసలో నిలబడింది, పక్కన మేనకోడలు. కౌంటరు కిటికీ వెనక ఆ పూట పనిలో ఉన్న కుర్రవాడు పొట్లం తోసి, తర్వాతి చీటీ కోసం చెయ్యి చాచాడు. అత్త కదలలేదు.

“ఏది ఎప్పుడు వేసుకోవాలి నాయనా? ఇంట్లో పాతవి మిగిలాయి, వాటినేం చెయ్యాలి?”

వెనకనున్న ఆయన విసుక్కున్నాడు. “కానివ్వమ్మా, ఆఫీసుకు టైమైపోతోంది.”

“మొన్న నేనూ ఇలాగే, వెనకాల వాళ్లకు తొందరని అడక్కుండా వెళ్లిపోయాను బాబూ. నిన్న నన్ను మోసుకొచ్చారు.”

కుర్రవాడు సాయం కోసం అమ్మాయి వైపు చూశాడు. ఆమె అతని బదులు జవాబు చెప్పలేదు. “నిదానంగా చెప్పండి. ఆవిడ తిరిగి అప్పజెప్పేదాకా మేం ఇక్కడే ఉంటాం” అంది.

అతను చెప్పాడు. అత్త ఒక్కొక్కటీ అప్పజెప్పింది, ఒకచోట తప్పింది, మళ్లీ చెప్పించుకుంది. ఆ తర్వాత వెనకాయన వంతు వచ్చింది. పొట్లం అందుకుని రెండడుగులు వేసి, మళ్లీ కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. “మా అమ్మకివి. నాకూ కాస్త చెప్పండి.”

చదువరులారా, మందు ఇచ్చేవాళ్లే దాని సంగతి చెప్పాలి. వాళ్లు చెప్పకపోతే, వెనక ఎంత వరుస ఉన్నా సరే, అడిగి తెలుసుకునేదాకా ఆ కిటికీ వదలకండి.