నిలబెట్టింది దేన్ని

మా బావమరిది బస్సు డ్రైవరు. బ్రేకు పడక బండి గోడకు గుద్దుకుంటే, తప్పంతా అతనిదేనని డిపో అధికారులు ఉద్యోగంలోంచి తీసేశారు. అతను కోర్టుకెక్కాడు. తీర్పు వచ్చిన సాయంత్రం వకీలు గుమాస్తా అతని ఫోనుకు పంపింది రెండే ఇంగ్లీషు మాటలు: ‘ఆర్డర్ అప్‌హెల్డ్’.

మా ఆవిడ పోయాక కూడా మంచికీ చెడుకీ నాకు కబురు పెట్టేది ఆమె తమ్ముడొక్కడే. కబురందుకుని వెళ్లేసరికి అతని భార్య, మా చెల్లెమ్మ, యూనిఫాం చొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది.

“గెలిచాం బావా” అన్నాడు బావమరిది. “డిక్షనరీ చూశా. అప్‌హోల్డ్ అంటే నిలబెట్టడం, సమర్థించడం, బలపరచడం. ఇన్నాళ్లకి మనల్ని బలపరిచే నాథుడు దొరికాడు. డిపోలో అందరికీ చెప్పేశా.”

డిక్షనరీ తప్పేం లేదు. నేను కాలేజీలో నేర్చుకున్న అర్థాలూ అవే. అతని ఫోనులో ఆ రెండు మాటలూ మళ్లీ చదివాను.

“ఏంటి బావా, ఆముదం తాగినట్టున్నావు?”

“కోర్టులో నువ్వు దేనిమీద కేసు వేశావు?”

“అదేం ప్రశ్న? నన్ను తీసేసిన ఆర్డరు మీద.”

“వాళ్లు నిలబెట్టింది ఆ ఆర్డరునేరా. అది చెల్లదంటే కొట్టేశామని రాసేవాళ్లు.”

అతను ఫోను వంకే చూస్తూ ఉండిపోయాడు. తెర ఆరిపోతే మళ్లీ వేలితో తట్టి చూశాడు.

“గుమాస్తా తొందరలో ఏదో రాసుంటాడు అన్నయ్యగారూ. ఒక్కసారి అడగండి” అంది చెల్లెమ్మ.

వకీలుకు ఫోను చేశాను. తొలగింపు సరైనదేనని కోర్టు తేల్చిందట. ఆయన విసుక్కోకుండా రెండోసారి కూడా చెప్పాడు. అదే పదివేలు. నా ముఖం చూసి చెల్లెమ్మ సూది పక్కన పెట్టేసింది.

అంతలో డ్యూటీ దిగిన కండక్టరు మిఠాయి పొట్లంతో గుమ్మంలోకి వచ్చాడు. పదేళ్లుగా ఇద్దరిదీ ఒకే బండి.

“ఏం గురూ, నీ కుదుపులకి మళ్లీ నా నడుం విరగాల్సిందేనా?”

“విరగదులే. కొత్తవాడు మెల్లగా తోలతాడుగా.”

కండక్టరు నవ్వబోయి నా వైపు చూశాడు. ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను.

“నన్ను తీసేసిందే కరెక్టన్నారు. నేనే తిరగేసి చదివా” అన్నాడు బావమరిది. చెప్పాల్సిన పని నాకు తప్పించాడు.

అతని ఫోను మోగింది. డిపో నుంచే. మోగి మోగి ఆగింది, మళ్లీ మొదలైంది.

“అందరికీ చెప్పేశాను కదరా” అన్నాడు చిన్నగా. “ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని...”

“ఇటివ్వు” అని కండక్టరు ఆ ఫోను అందుకున్నాడు. “నువ్వు పోయి కాసేపు నడుం వాల్చు. వాళ్లకి నేను చెప్తా.”

పొట్లం బల్ల మీద పెట్టి వీధిలోకి నడిచాడు. లోపలికి వినబడనంత దూరం వెళ్లాకే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.